పెద్దాయన అనని మాట

మా ముందుగదిలో ఏడవడానికి వెలుతురు చాలదని ఆ వానాకాలంలో ఒక కెమెరా అతను చెప్పేదాకా నాకు తెలియదు. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ గదిలో అవసరమైనప్పుడల్లా ఏడుస్తూనే ఉన్నాం, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. అతను మా అత్తగారి కుర్చీని కిటికీ పక్కకు జరిపి, కర్టెను సగానికి లాగి, వెనక్కి నడిచి చూసుకున్నాడు.

"ఇప్పుడు బాగుందమ్మా. మొహం కనిపిస్తుంది."

"ఎవరికే?" అన్నారు అత్తగారు నా వైపు తిరిగి.

"మంత్రిగారికి అత్తయ్యా."

"ఆయనకు చూపు తక్కువా?"

ఊరి పక్క కొండను తొలిచి రైలు సొరంగం వేస్తున్నారు. వానలకు ఆ కొండ ఒక పక్క విరిగి జారిపోయి అప్పటికి కొద్ది రోజులే అయింది. కింద ఉన్న కూలీల షెడ్లు మనుషులతో సహా మట్టిలో కలిసిపోయాయి. శవాలు ఇంకా తీస్తూనే ఉన్నారు. దేశమంతటా జెండాలు సగానికి దించారు, టీవీలో పాటలు ఆపేశారు. సొరంగం నోరు పూడుకుపోయి లోపల చిక్కుకున్నవాళ్లు మాత్రం బతికే ఉన్నారు. ఆ సంగతి జెండాలు దించినవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్లలో మా మరిది ఒకడు. సొరంగంలో ఊరే నీటిని పంపులతో బయటికి తోడించడం అతని ఉద్యోగం.

మంత్రిగారు వీధిలో కారు దిగి, తడి గొడుగు తన మనిషికిచ్చి, మొహం మార్చుకుని లోపలికి వచ్చారు. మార్చుకోవడం నేను చూశాను. మా వంటింటి గుమ్మంలోంచి వీధి బాగా కనిపిస్తుంది. ఆయన నేరుగా మా తోటికోడలి దగ్గరకు వెళ్లి తలమీద చెయ్యి పెట్టారు.

"మీ త్యాగాన్ని ఈ దేశం మరచిపోదమ్మా."

"ఏ త్యాగమండీ?" అంది మా తోటికోడలు. "మా ఆయన డ్యూటీకి వెళ్లారు."

మంత్రిగారు వెంట వచ్చిన సలహాదారు వైపు చూశారు. సలహాదారు కెమెరా అతని వైపు చూశాడు. కెమెరా మెల్లగా మా అత్తగారి మీదికి తిరిగింది. ఆవిడ ఎవరినీ నిరాశపరచలేదు. వాళ్లు వెళ్లిపోయాక కూడా చాలాసేపు ఏడుస్తూనే ఉన్నారు.

మావారు పోస్టాఫీసుకు సెలవు పెట్టి సొరంగం దగ్గరే ఉండిపోయారు. ఆ సాయంత్రం ఫోను చేసి, "మంత్రి మీ దగ్గరికి వచ్చే ముందు ఇక్కడికొచ్చాడు. మిషను ఆపించాడు. ఇంకా మొదలవలేదు" అన్నారు.

"ఎప్పుడో వెళ్లిపోయాడుగా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు. గొట్టం కదలడం లేదంటున్నారు."

మర్నాడు ఆయనకు అన్నం క్యారేజీ పట్టుకుని నేనూ మా తోటికోడలూ వెళ్లాం. డ్రిల్లింగు ఇంజినీరు నాకంటే చిన్న వయసు అమ్మాయి. అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా చెబుతుంటే ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టి వినాల్సి వచ్చింది. మనిషి పాకి రాగలిగినంత లావు గొట్టాన్ని తిప్పుతూ మట్టిలోకి తోస్తున్నారు. తిరుగుతున్నంతసేపే అది ముందుకు వెళుతుంది. ఆగితే తడి బంకమట్టి చుట్టూ బిగుసుకుని పట్టేస్తుంది. మళ్లీ కదిలించడానికి సగం రోజు పడుతుంది.

"మరి ఆపడమెందుకమ్మా?"

"పెద్దవాళ్లు వస్తే యంత్రాలు ఆపాలట. భద్రత." ఆవిడ గొంతు సవరించుకోబోయి మానేసింది. "పైగా ఆ చప్పుడులో వాళ్ల మాటలు టీవీలో వినపడవట."

లావు గొట్టం పక్కనే మణికట్టంత సన్నటి గాలిగొట్టం ఉంది. లోపలివాళ్లకు మందులు, బిస్కెట్లు అందులోంచే పోతున్నాయి. మాటలు కూడా. ఇంటివాళ్లు వంతులవారీగా దాని ముందు మోకాళ్లమీద కూర్చుంటున్నారు. మా ముందు వెల్డరు భార్య ఉంది. రాయి పడి అతని కాలు నలిగిందట, జ్వరం కూడా ఉందట. ఆవిడ గొట్టంలోకి ఇంటి కబుర్లు చెబుతోంది. కుళాయి రిపేరు చేయించానని, కొత్త తాళం కొన్నానని. అవతలినుంచి జవాబు రాకపోయినా నడుమ నడుమ "ఊఁ" అని తనే అనుకుంటోంది.

మా తోటికోడలు మాట్లాడాక నన్ను పిలిచింది.

"వదినా," అన్నాడు మా మరిది. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. "నీ వంట గుర్తొస్తోంది. దాన్నిబట్టి ఇక్కడ ఎలా ఉందో అర్థం చేసుకో."

"ముందు బయటికి రా. గరిటె పెట్టి ఒకటిస్తాను."

"వస్తాలే."

"నీళ్లు ఎంతవరకున్నాయి?"

అతను గొంతు తగ్గించాడు.

"మోకాళ్లు దాటాయి. పంపుకు కరెంటు లేదు. దానికి చెప్పకు, పక్కనే ఉందేమో. అన్నయ్యకు చెప్పు."

పక్కనే ఉంది. వింది. వినలేదన్నట్టు చున్నీ అంచు పిండుకుంటూ నిలబడింది.

అంతలో సైరన్లు వినిపించాయి. మిషను ఆగిపోయింది. అప్పటిదాకా చెవులు చిల్లులు పడేలా మోగిన చప్పుడు ఆగిపోయేసరికి అందరూ ఒక్కసారిగా మిషను వైపు తిరిగారు. ఎదుటి పార్టీ నాయకుడు వచ్చాడు. నెత్తిమీద కొత్త హెల్మెట్, దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. మమ్మల్ని తాడు అవతలికి తోశారు. ఆయన గాలిగొట్టం దగ్గర వంగి, "ధైర్యంగా ఉన్నారా?" అని అడిగాడు.

"మిషను ఎందుకాగిందండీ?" అన్నాడు లోపలినుంచి మా మరిది.

ఆయన లేచి కెమెరాల వైపు తిరిగాడు. "వాళ్లు ధైర్యంగా ఉన్నారు" అన్నాడు.

నేను కాలేజీలో రాజనీతిశాస్త్రం చదివాను. పెళ్లయ్యాక దాన్ని పాలవాడి మీద, ఇరుగుపొరుగు మీద వాడుకోవడం తప్ప పెద్దగా పనిపడలేదు. ఆ రోజు ఇంటికి తిరిగి వస్తూ బస్సులో, పుస్తకాల్లో లేని సంగతి ఒకటి ఆలోచించాను. వాళ్లకు కావలసింది సొరంగం కాదు. ఏడ్చే మొహం, దాని పక్కన తమ మొహం. అవి రెండూ మా ఇంట్లో దొరుకుతాయి.

పెద్దాయన పార్టీ తరఫున మా పేట చూసుకునే మనిషిని అందరూ ఇస్త్రీ అంటారు. ఎంత వానలో వచ్చినా అతని చొక్కా మడత చెదరదు. పెద్దాయనంటే దేశాన్నేలే పెద్దాయనే, ఇస్త్రీకి ఆయన ఫొటోలో మాత్రమే పరిచయం. మర్నాడు పరామర్శకు వస్తే కూర్చోబెట్టి టీ ఇచ్చాను.

"మీ నాయకుల్ని ఆ బురదలోకి ఎందుకు తీసుకెళ్తారు అన్నయ్యగారూ?" అన్నాను. "జనం మండిపోతున్నారక్కడ. నిన్న ఎదుటి పార్టీ ఆయన చొక్కా పట్టుకున్నంత పని చేశారు."

ఇస్త్రీ తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"ఇక్కడైతే కన్నతల్లి ఉంది, కట్టుకున్న భార్య ఉంది. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని మొన్న కెమెరా అతను కూడా అన్నాడు."

"నిజమే చెల్లెమ్మా, కానీ..."

"ఎదుటి పార్టీవాళ్లు కూడా రేపు సాయంత్రం వస్తామంటున్నారు. మేమింకా సరేననలేదనుకోండి."

వాళ్లేమీ అనలేదు. అతను టీ సగంలో వదిలేసి ఫోను తీశాడు. నేను పెరట్లోకి వెళ్లి ఎదుటి పార్టీ ఆఫీసుకు ఫోను చేసి, ఇస్త్రీగారి నాయకులు వస్తున్నారని బాధపడుతూ చెప్పాను.

ఆపైన మా ఇంటి ముందు వరసగా కార్లే. మా ముందుగదిలో కూర్చున్న ప్రతి నాయకుడూ సొరంగం దగ్గర నిలబడని నాయకుడే. వచ్చినవాళ్లను తొందరగా పోనిచ్చేదాన్ని కాదు. టీ నీళ్లు మరగడానికి మా స్టవ్ మీద అంతసేపు పట్టడం అంతకు ముందెప్పుడూ లేదు. అత్తగారి చేత మరిది చిన్నప్పటి జబ్బులన్నీ మొదటినుంచి చెప్పించాను. సాయంత్రం మావారు ఫోను చేసేవారు.

"ఇవాళా ఆగలేదు. విచిత్రంగా ఎవరూ రాలేదు."

"వాన కదా" అనేదాన్ని.

మా తోటికోడలికి మాత్రం రోజురోజుకూ ఆ గదిలోకి రావడం కష్టమైపోయింది. ఒక మధ్యాహ్నం వంటింట్లో నేల మీద చతికిలబడి, "వాళ్లు తలమీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఆయన చచ్చిపోయినట్టే అనిపిస్తోందక్కా" అంది. "ఎంతమంది ఓదారుస్తారు? ఓదార్చి ఓదార్చి నిజం చేసేట్టున్నారు."

"వాళ్లిక్కడ ఓదారుస్తున్నంతసేపూ అక్కడ మిషను తిరుగుతుంది."

ఆమె నన్ను చూసింది. అప్పటిదాకా ఆమెకు చెప్పలేదు. మొహం కడుక్కుని, "ఇవాళ ఎవరొస్తున్నారు?" అంది.

ఆ వారమే మా గేటుకు బ్యానరు కట్టారు. 'కన్నీటి నివాళి' అని అడుగెత్తు అక్షరాలు, పక్కన పెద్దాయన నిలువెత్తు బొమ్మ, కింద మూల మా మరిది పెళ్లినాటి ఫొటో తపాలా బిళ్లంత. మా తోటికోడలు ఎవరినీ పిలవలేదు. స్టూలు వేసుకుని, కూరగాయల కత్తితో తాళ్లు కోసి కిందికి దించింది. పెరట్లో కట్టెల మీద వాన కురుస్తోందని బోర్లా కప్పాం. గట్టి గుడ్డ, ఒక్క చుక్క కారలేదు.

ఇక చివరికొచ్చిందనుకున్న రోజున, మధ్యాహ్నం మావారు ఫోను చేశారు. పొద్దున్నుంచి వాన తెరిపి లేకుండా కురుస్తోంది.

"ఇంకొక గది పొడవు మట్టి మిగిలింది" అన్నారు. ఆ మాట అంటున్న గొంతులో సంతోషం లేదు. "ఆపమంటున్నారు."

"ఎవరు?"

"రేపు ఉదయం పెద్దాయన వస్తున్నాడట. మొదటివాణ్ని ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురావాలట. అప్పటిదాకా ఆపమని పైనుంచి చెప్పారు. షిఫ్టు మారగానే ఆపేస్తారు."

"నీళ్లు?"

"నడుము పైకి వచ్చాయి. ఇంజినీరమ్మాయి కాళ్లావేళ్లా పడింది. ఆవిణ్ని గుడారంలోకి పంపించేశారు. వెల్డరు పొద్దున్నుంచి పలకడం లేదు. మనవాడు వాణ్ని భుజం మీద ఎత్తుకుని నిలబడ్డాట్ట. రేపటిదాకా నిలబడలేడే."

పెళ్లయినప్పటినుంచీ ఆయన గొంతు అలా వినలేదు. ఫోను పెట్టేశాక చేతిలో ఉన్న గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఎవరికి చెప్పను? చెప్పాల్సినవాళ్లే ఆపమన్నారు. పేపరువాళ్లకు చెబితే రేపు పేపర్లో వస్తుంది. రేపు ఎవరికి కావాలి?

ముందుగదిలో టీవీవాళ్లు వైర్లు పరుస్తున్నారు. రేపటి రాక గురించి ఇస్త్రీ మా ఇంట్లోంచే ప్రకటన చేస్తాడట, నేరుగా ప్రసారం. అత్తగారు కిటికీ పక్కన తన చోట్లో అలవాటుగా కూర్చున్నారు. మైకు పట్టుకున్న అమ్మాయి ఆవిడ ముందుకు వంగింది.

"అమ్మా, పెద్దాయన స్వయంగా వస్తున్నారు. మీకెలా అనిపిస్తోంది?"

అత్తగారు నాకోసం చూశారు. నేను చేతులు తుడుచుకుంటూ వెళ్లి ఆవిడ కుర్చీ పక్కన నిలబడ్డాను.

"ఆయన రుణం ఏ జన్మలో తీర్చుకుంటామండీ" అన్నాను. "ఇందాక మా అత్తగారికి ఫోను చేశారు. ఆయనే. 'అమ్మా, నేను వస్తున్నానని ఆ మిషను ఒక్క నిమిషం కూడా ఆగడానికి వీల్లేదు. నేను రావడం ముఖ్యం కాదు, మీ అబ్బాయి రావడం ముఖ్యం. నా పేరు చెప్పి ఎవరైనా ఆపితే వాడు నా మనిషి కాదు' అన్నారు. అంతటి మనిషి అంతమాట అంటే మాకు ఏడుపు ఆగలేదు."

అత్తగారి నోరు తెరుచుకుంది. భుజం మీద చెయ్యి వేసి కొంచెం గట్టిగానే నొక్కాను. మైకు అమ్మాయి ఇస్త్రీ వైపు తిరిగింది. కాదంటే, పెద్దాయన అంత మంచి మాట అనలేదని దేశమంతా వింటుండగా తన నోటితో చెప్పాలి. పాపం అతని నుదుటిమీద చెమట, చొక్కా మీద మొదటిసారి ఒక ముడత.

"అవును" అన్నాడు. "అలాగే అన్నారు. నా ఎదురుగానే."

అంత సాక్ష్యం నేను అడగలేదు.

క్షణాల్లో టీవీ అడుగున ఆ మాట పరుగెత్తడం మొదలైంది. మా తోటికోడలు వంటింట్లోంచి వచ్చి నా పక్కన కూర్చుంది. షిఫ్టు మారే వేళ దాటింది. ఫోను మోగితే తీయడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. అత్తగారే తీశారు.

"ఆపలేదట" అన్నారు. "పైనుంచి మళ్లీ ఫోను వచ్చిందట, ఆపితే ఉద్యోగాలు పోతాయని. ఎవరో టీవీలో ఏదో అన్నారట కదా, ఎవరే అంటున్నాడు మీ ఆయన."

"పని మీద ఉన్నానని చెప్పండి."

ఆ రాత్రే గొట్టం అవతలికి చేరిందని కబురొచ్చింది. మేం సొరంగం చేరేసరికి ఒక్కొక్కరినే స్ట్రెచర్ల మీద బయటికి తెస్తున్నారు. మా మరిది కళ్లకు గంతలు కట్టారు, లైట్ల వెలుతురు తగలకుండా. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. భార్య చెయ్యి దొరికాక ఇక వదల్లేదు. చివరి స్ట్రెచరు మీద మొహం కప్పి ఉంది. వెల్డరు పొద్దునే పోయాడట. పోయాడని తెలిసినా మా మరిది కిందికి దించలేదట. ఆ మొదటి రోజుల్లో గొట్టాన్ని మట్టి పట్టేసిన పూటలు కలిపి చూస్తే అతను ఎప్పుడు బయటికొచ్చి ఉండేవాడో నేను లెక్క వేయబోయి మానేశాను. వెల్డరు భార్య గాలిగొట్టం ముందు మోకాళ్లమీదే ఉంది. లోపల ఇంకెవరూ లేరని చెప్పినా లేవలేదు.

పెద్దాయన మర్నాడు ఎలాగూ వచ్చారు. ఆస్పత్రిలో మా మరిదిని కౌగిలించుకుని, "ఆ తల్లికి మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను" అన్నారు. అనేటప్పుడు కళ్లు నిజంగానే చెమర్చాయి. మా అత్తగారు కూడా అప్పటికే ఇరుగుపొరుగుకు చెబుతున్నారు, ఫోనులో ఆయన గొంతు ఎంత మెత్తగా ఉందో. నేను కాదనబోతే, "నీకేం తెలుసు, మాట్లాడింది నాతోనైతే" అన్నారు.

వానలు వెనకబట్టేసరికి ఎన్నికలొచ్చాయి. నా మాట గోడలెక్కింది. 'నేను రావడం ముఖ్యం కాదు, మీ అబ్బాయి రావడం ముఖ్యం.' కూరగాయలకు వెళితే బజారులో ఎదురు, డాక్టరు దగ్గరికి వెళితే ఆస్పత్రి ప్రహరీ మీద. మా మరిది తలుపు మూసిన గదిలో పడుకోలేకపోతున్నాడు. చినుకు పడితే మంచం మీద లేచి నిలబడతాడు.

ఒక సాయంత్రం వెల్డరు భార్య వచ్చింది. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది.

"ప్రమాదమొస్తే బయటపడడానికి సొరంగానికి రెండో దారి తవ్వాలట అక్కా, ముందే. తవ్వకపోయినా పనికి ఎవరు ఒప్పుకున్నారో విచారణ చెయ్యమని తిరుగుతున్నాను. ఏ ఆఫీసుకెళ్లినా మీ మాటే చెప్తున్నారు. అంత మంచాయన ఉండగా విచారణ ఎందుకమ్మా అని."

నేను టీ గ్లాసు ఆవిడ ముందు పెట్టాను.

"ఆయన నిజంగా అన్నారా?"

"లేదు."

"తెలుసు. ఆపమని పైవాళ్లు ఇంజినీరమ్మతో అంటుంటే నేను పక్కనే ఉన్నాను." నేలవైపు చూస్తూ మళ్లీ అంది. "మీరు అనకపోతే మిగతావాళ్లూ పోయేవాళ్లు. అదీ తెలుసు. మా ఆయన పొద్దునే పోయాడు కదా, మీ మీద నాకేం లేదు."

ఉందంటే నాకు తేలికయ్యేది.

ఆ వారమే ఇస్త్రీ వచ్చాడు. మైదానంలో పెద్దాయన సభ. వేదిక మీద ఆ మాట నేను నా నోటితో చెప్పాలట.

"వద్దు" అన్నారు మావారు అతను వెళ్లాక. "మనవాడు బయటికొచ్చాడు. అది చాలు."

"వెళ్లు అక్కా" అంది మా తోటికోడలు, మరిది పక్కలో దుప్పటి సర్దుతూ. "ఏం చెప్పాలో నీకు తెలుసు."

మైదానం నిండా జనం. పెద్దాయన ఇంకా రాలేదు. ముందు వరసలో అత్తగారు, ఆవిడ వెనక ఎక్కడో వెల్డరు భార్య. నాకు మైకు ఇచ్చారు.

"పెద్దాయన ఆ మాట అనలేదండీ" అన్నాను. "మాకు ఫోనే చేయలేదు. ఆయన వచ్చేదాకా మిషను ఆపమన్నారు. ఆపుతారని భయపడి నేనే కల్పించి చెప్పాను. ఆ సొరంగానికి రెండో దారి ఎందుకు లేదో..."

ఇస్త్రీ నా పక్కకు వచ్చి, ఎంతో మర్యాదగా మైకు నా చేతిలోంచి తీసుకున్నాడు.

"విన్నారా" అన్నాడు జనంతో. "ఆ పేరు తనకొద్దని, ఆ గొప్ప తనది కాదని, ఈ చెల్లెమ్మ చేత ఇలా చెప్పించారు మన పెద్దాయన. ఇంతటి నిగర్వి ఇంకెక్కడైనా ఉంటాడా?"

చప్పట్లు వేదికను ఊపేశాయి. మా అత్తగారు లేచి నిలబడి కొడుతున్నారు. నేను అరుస్తూనే ఉన్నాను. ఏమంటున్నానో నాకే వినిపించలేదు. ఇద్దరు మనుషులు ఎంతో గౌరవంగా చెరో పక్కా పట్టుకుని మెట్లు దింపారు.

వెల్డరు భార్య జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. గేటు దాకా అలాగే నడిచాం.

"అబద్ధం ఒక్కసారి చెప్తే నమ్మారక్కా" అంది. "దీన్ని ఎన్నిసార్లు చెప్పాలంటారు?"

రేపు రైల్వే ఆఫీసు తెరిచే వేళకు తను మళ్లీ వెళుతోందట. నేనూ వస్తానన్నాను. ఏ బస్సు ఎక్కాలో చెప్పింది.